పదానికి రూపాయి అంటే ఎంత? తెలుగు ఫ్రీలాన్స్ రాత పని: 26 వారాల ప్రాజెక్టు డైరీ

పని: ఇంటి నుంచే తెలుగులో రాయడం, ఇంగ్లీషు నుంచి తెలుగు చేయడం, బిల్లు వేయడం. మొదలుపెట్టింది 2025 జూలై మొదటి వారం. ఈ డైరీ డిసెంబరు ఆఖరి వారం దాకా. మొదలయ్యేనాటికి ఉన్నవి: పాత లాప్‌టాప్, ఇంటర్నెట్, పాన్ కార్డు, సేవింగ్స్ ఖాతా. క్లయింట్లు సున్నా.

లాప్‌టాప్ ధర ఖర్చులో చూపలేదు. గంటలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. రాసినవే కాదు, మెయిళ్లు పెట్టినవి, దిద్దినవి, డబ్బుల కోసం ఫోన్లు చేసినవి కూడా ఉన్నాయి. వాటిని తీసేసి చూపించే ఆదాయం లెక్కలు చాలా కనిపిస్తాయి. నమ్మకండి.

దశ 1: ఏ పని, ఏ నమూనా (వారం 1–3)

తెలుగు రాతకు డబ్బిచ్చేవాళ్లు ఎవరెవరని చూస్తే తేలినవి ఇవి: యాప్‌లు, వెబ్‌సైట్ల అనువాదం, యూట్యూబ్ స్క్రిప్టులు, ఆడియో సీరియళ్ల ఎపిసోడ్లు, ఆసుపత్రులు, విత్తనాల కంపెనీలు, రియల్ ఎస్టేట్ వాళ్ల బ్రోషర్లు, ఎస్సెమ్మెస్‌లు, పత్రికల వ్యాసాలు, పెద్దవాళ్ల ఆత్మకథలు వాళ్ల పేరు మీదే రాసిపెట్టడం. వ్యాసాలను మొదటి ఆరు నెలలకు పక్కన పెట్టాం. పేరు వస్తుంది నిజమే, కానీ అచ్చయ్యేది ఎప్పుడో, పారితోషికం వచ్చేది ఎప్పుడో మన చేతిలో ఉండదు. ఆత్మకథ ఒక్కటే నాలుగు నెలలు తినేస్తుంది. అనువాదం, యూట్యూబ్, బ్రోషర్లు మిగిలాయి.

మొదట తయారుచేసిన ఐదు నమూనాలూ దండగే. మూడు కథలు, ఒక యాత్రా వ్యాసం, ఒక ఇంగ్లీషు పత్రికా వ్యాసానికి అనువాదం. బ్రోషర్ రాయించుకునేవాడికి కథతో పనేముంది? అనువాదంతో ఇంకో చిక్కు: మూలం రాసినవాళ్ల అనుమతి లేకుండా దాన్ని బయట పెట్టకూడదు. మన దేశంలో రచయిత జీవించి ఉన్నప్పుడు అచ్చయిన రచనలకు ఆయన చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. అంటే 2025లో నమూనాగా వాడుకోవాలంటే 1964 చివరిలోపు కన్నుమూసిన రచయితలవి తీసుకోవాలి. లేదా మూలం కూడా మనమే రాసుకోవాలి. రెండోదే తేలిక.

వాటి బదులు చేసినవి:

1. యాప్ సహాయ పేజీ, 300 ఇంగ్లీషు పదాలు. ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడిలో తెలుగు.
2. నాలుగు నిమిషాల యూట్యూబ్ స్క్రిప్టు, 420 పదాలు.
3. పళ్ల డాక్టరు గారి బ్రోషర్, మూడు మడతలది. ఆసుపత్రి పేరు కల్పితమని పైనే రాశాం.

420 ఎలా వచ్చిందంటే, 1,000 పదాల తెలుగు వచనాన్ని వీడియోలో చదివే వేగంతో పైకి చదివితే తొమ్మిదిన్నర నిమిషాలు పట్టింది. నిమిషానికి 105 పదాలన్నమాట. ఎనిమిది నిమిషాల వీడియో అడిగితే 840. వంటల వీడియోకు ఇందులో మూడో వంతు తగ్గించాలి, పోపు వేగేటప్పుడు మాట అక్కర్లేదు.

టైపింగు కొలతలు (ఒకే పేజీ, 15 నిమిషాలు, నిమిషానికి పదాలు):

లేఖిని వెబ్‌సైటులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి: 14
ఫోన్‌లో జీబోర్డుకు చెప్పి రాయిస్తే: 38, తప్పులు దిద్దాక 13
ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (తెలుగు అక్షరాలే నేరుగా కొట్టేది), మొదటి రోజు: 4
ఇన్‌స్క్రిప్ట్, మూడో వారం: 9
ఇన్‌స్క్రిప్ట్, పదో వారం: 17

ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లోనే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. మొదటి రెండు వారాలు విసుగు పుట్టిస్తుంది. మారడానికి వేగం ఒక్కటే కారణం కాదు. లేఖినిలో ణ, న, ళ, ల, శ, స తేడాలు చిన్న బడి, పెద్ద బడి అక్షరాల మీద ఆధారపడతాయి. షిఫ్ట్ సరిగా పడకపోతే ‘కళ’ కాస్తా ‘కల’ అవుతుంది. స్పెల్ చెక్ పట్టుకోదు, రెండూ మాటలే కదా.

లెక్క: గంటలు 58. బిల్లు 0. ఖర్చు రూ.2,250 (మూడు నెలల ఇంటర్నెట్ 2,100, కీబోర్డు స్టిక్కర్లు 150).

దశ 2: మెయిళ్లు, టెస్టులు (వారం 4–8)

మొదటి 22 మెయిళ్లకు రెండు జవాబులు. రెండూ ‘అవసరమైతే చెబుతాం’ తరహావి. మెయిల్ తెరిచి చూస్తే తప్పు కనిపిస్తూనే ఉంది: 340 పదాలు, నాలుగు అటాచ్‌మెంట్లు, సబ్జెక్టులో ‘ఫ్రీలాన్స్ రైటర్’ అన్న రెండు మాటలు, రేటు ఊసే లేదు. అటాచ్‌మెంటును ఫోన్‌లో తెరిస్తే కొన్నిచోట్ల ఒత్తులు విడిపోయి కనిపించాయి, ఫాంట్ పొదగకుండా, అంటే ఫైలులోనే కలపకుండా పంపినందుకు. తెలుగు రాస్తానని వచ్చినవాడి ఫైల్లో తెలుగే విరిగిపోతే ఇంకెవరు చూస్తారు?

మార్చిన పద్ధతి:

1. సబ్జెక్టులో వాళ్ల పని పేరు: ‘మీ యాప్ తెలుగు సహాయ పేజీ: మూడు సవరణలు’.
2. మొదటి మూడు వాక్యాల్లో వాళ్ల పేజీలో దొరికిన తప్పు, దాని పక్కనే సరైనది.
3. నమూనాకు ఒకే లింకు. అటాచ్‌మెంటు వద్దు.
4. రేటు, ఎన్ని రోజుల్లో ఇస్తామో ఒక వాక్యం.
5. మొత్తం 120 పదాలు దాటకూడదు.
6. జవాబు రాకపోతే ఎనిమిదో రోజున ఒక్కసారి గుర్తుచేయాలి. మళ్లీ వద్దు.

తర్వాతి 24 మెయిళ్లకు ఏడు జవాబులు. రెండో అంశమే పని చేసింది. తప్పు చూపించడంలో మర్యాద తప్పకూడదు. ‘మీ తెలుగు ఘోరంగా ఉంది’ అని రాసేవాళ్లున్నారు, వాళ్లకు పని రాదు.

ఎవరూ వెళ్లి పని అడగనిది డీటీపీ సెంటర్లవాళ్లనే. కరపత్రం వేయించుకోవడానికి వచ్చినవాడి దగ్గర చాలాసార్లు మ్యాటరు ఉండదు. ‘మీరే ఏదో రాసి పెట్టండి’ అంటాడు. ఆ ‘ఏదో’ రాసేవాడు సెంటర్‌కు కావాలి. తొలి బిల్లు రూ.1,200 అక్కడిదే. మెయిల్ కాదు, నడిచి వెళ్లి మాట్లాడింది.

టెస్టులు నాలుగు వచ్చాయి. మూడు 200–300 పదాలవి. నాలుగోది 1,900 పదాలు, ‘టెస్ట్’ అనే పంపారు. ఫైలు పేరు చివర ‘పార్ట్ 7’ అని ఉంది. మొదటి పేజీ మధ్య వాక్యంతో మొదలైంది, చివరి పేజీ మధ్య వాక్యంతో ఆగిపోయింది. పెద్ద మాన్యువల్‌ను ముక్కలు చేసి, దరఖాస్తు పెట్టినవాళ్లకు తలా ఒకటి పంచారని అప్పుడే అనుమానించాల్సింది. తొమ్మిదిన్నర గంటలు పెట్టి పంపాక జవాబే లేదు. అప్పటి నుంచి 250 పదాల వరకే ఉచిత టెస్ట్, ఆపైన పదానికి మామూలు రేటు. టెస్ట్ ఫైల్లో మొదలూ చివరా ఉన్న పూర్తి ముక్క కాకపోతే ఒప్పుకోకూడదు.

లెక్క (ఇక్కడి నుంచి అన్నీ మొదటి వారం నుంచి కలిపినవి): గంటలు 154. మెయిళ్లు 46, జవాబులు 9, టెస్టులు 4. బిల్లు రూ.1,200. చేతికి వచ్చింది 0. ఖర్చు రూ.2,250.

దశ 3: ఏది పదం? (వారం 9–14)

ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ఈ దశను నెమ్మదిగా చదవాలి.

4,200 ఇంగ్లీషు పదాల వెబ్‌సైటు, పదానికి రూపాయి. ఫోన్‌లో ఒప్పుకున్నది అంతే. పని అయ్యాక వాళ్లు తెలుగు ఫైలును లెక్కపెట్టారు: 2,898. చెల్లించింది రూ.2,898. మోసం అనలేం, పదం అంటే ఏ భాష పదమో ఎవరూ చెప్పుకోలేదు. పట్టింది 19 గంటలు. గంటకు 152.

తేడా ఎక్కడ పుడుతుందో ఒక్క వాక్యంలో చూడొచ్చు. ఇంగ్లీషులో ఇలా ఉంది: ‘యు కెన్ పే ది బిల్ ఫ్రమ్ యువర్ ఫోన్ వితౌట్ గోయింగ్ టు ది ఆఫీస్’. 13 పదాలు. తెలుగులో: ‘ఆఫీసుకు వెళ్లకుండానే ఫోన్ నుంచే బిల్లు కట్టేయొచ్చు’. ఆరు. ‘వితౌట్ గోయింగ్’ మొత్తం ‘వెళ్లకుండానే’లో ఇమిడిపోయింది. ‘టు ది’ కాస్తా ‘కు’ అయి ఆఫీసుకు అతుక్కుంది. ‘యు కెన్’ అయితే కట్టేయొచ్చులోని ‘ఒచ్చు’లో కలిసిపోయింది. తెలుగు ఎంత బాగుంటే అన్ని పదాలు తగ్గుతాయి. తెలుగు పదాల లెక్కన రేటు ఒప్పుకుంటే బాగా రాసినందుకు జరిమానా కట్టినట్టే.

పైగా ఆ ఆరు కూడా గట్టి సంఖ్య కాదు. వర్డ్ సాఫ్ట్‌వేర్ ఖాళీలనే లెక్కపెడుతుంది. ‘ఫోన్‌నుంచే’ అని కలిపితే ఐదు, ‘కట్టేయ వచ్చు’ అని విడగొడితే ఏడు. పదాలు పెంచుకోవడానికి విడగొట్టే అలవాటున్నవాళ్లు ఉన్నారు, ఫైలు చూడగానే తెలిసిపోతుంది.

పది పనులు కొలిచాం. ఇంగ్లీషు 11,480 పదాలు, తెలుగు 7,910. నిష్పత్తి 0.69. చట్టపరమైన షరతులున్న పేజీలో ఇంకొంచెం పెరిగింది, ప్రకటనలో ఇంకా తగ్గింది. ఈ లెక్కన మూల పదానికి రూపాయి అంటే తెలుగు పదానికి 1.45.

మార్చినవి:

1. అనువాదానికి ఎప్పుడూ మూల భాష పదాలే లెక్క. పని మొదలుపెట్టే ముందే మూల ఫైలు లెక్కపెట్టి ఆ సంఖ్యను మెయిల్‌లో రాయాలి.
2. సొంతంగా రాసే బ్రోషర్‌కు, స్క్రిప్టుకు ముక్కకింత. పదాల లెక్క వద్దు.
3. ‘పేజీకి ఎంత?’ అంటే, పేజీ అంటే ఎన్ని పదాలో అడగాలి. డీటీపీలో ఫాంట్ సైజు రెండు పాయింట్లు మారితే పేజీ మారిపోతుంది.

రేటు ఎంతన్నది గడియారం పెట్టుకునే తేల్చాలి. 1,000 మూల పదాలకు పట్టిన సమయం, పది పనుల సగటు:

మూలం చదివి అనుమానాలు రాసుకోవడం: 20 నిమిషాలు
మొదటి రాత: 2 గంటల 10 నిమిషాలు
మూలంతో పోల్చి చూడటం: 40
పైకి చదివి దిద్దడం: 30
ఫైలు సర్దడం, పంపడం: 20

మొత్తం నాలుగు గంటలు. గంటకు 300 కావాలంటే పదానికి 1.20 అడగాలి. కానీ ఈ దశలో గడిచిన 148 గంటల్లో బిల్లు వేయగలిగిన పని 84 గంటలే, 57 శాతం. మిగతా 64 మెయిళ్లు, టెస్టులు, రేట్ల బేరాలు. అంటే 300 అనుకున్నది నిజానికి 171. ఈ దశలో వచ్చింది అదీ కాదు: 14,820ని 148తో భాగిస్తే వంద.

లెక్క: గంటలు 302. బిల్లులు రూ.16,020. చేతికి వచ్చింది రూ.9,400. ఖర్చు రూ.4,700 (ఇంటర్నెట్ మరో మూడు నెలలు 2,100, ప్రూఫుల ప్రింట్లు 350).

దశ 4: ఫైలు చెడిపోయే చోట్లు (వారం 15–20)

అను ఫాంట్లు. మనం రాసేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లో, ఫోన్‌లో తెరిచినా తెలుగుగానే ఉండే పద్ధతి. ఊళ్లో ప్రెస్సుల్లో ఇంకా పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద అను ఫాంట్లతో పని నడుస్తోంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. కాబట్టి ప్రెస్సువాళ్లు కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. 620 పదాల బ్రోషర్ అలా మారి వచ్చిన ప్రూఫులో మూడు రకాల తప్పులు దొరికాయి. అను ఫాంటు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటుంది, అందుకని మ్యాటరులో ఉన్న ఈమెయిల్ చిరునామా అర్థంలేని తెలుగు ముక్కల కుప్పగా మారింది. కొటేషన్ గుర్తులు అక్షరాలైపోయాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట, వ కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, ఎగిరిపోయి వ కాస్తా ఒత్తుగా కిందికి దిగింది. వెయ్యి కాపీలు అచ్చు కాకముందే ప్రూఫు చూశాం కాబట్టి బతికాం.

ఇప్పుడు చేసేది:

1. వర్డ్ ఫైలుతో పాటు ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ పంపడం. ఆపరేటర్ కంటితో పోల్చుకోవాలి కదా.
2. ఇంగ్లీషు మాటలు, చిరునామాలు ఎర్ర రంగులో పెట్టడం. అక్కడ ఫాంట్ మార్చాలని ఆపరేటర్‌కు గుర్తు.
3. కొటేషన్లు వీలైనంత తగ్గించడం.
4. మార్చాక ప్రూఫు చూసే పనిని కూడా బిల్లులో ఒక వరుసగా చూపడం, గంట లెక్కన.

కొత్త ఇన్‌డిజైన్ ఉన్నచోట ఈ బాధ లేదు, యూనికోడ్ నేరుగా తీసుకుంటుంది. పని ఒప్పుకునే ముందే ‘పేజీ ఏ సాఫ్ట్‌వేర్‌లో పెడతారండీ?’ అని అడిగేస్తే సరి.

ఎస్సెమ్మెస్‌లు. ఇంగ్లీషు మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70. దాటితే రెండో మెసేజ్ కింద లెక్క, అప్పుడు ఒక్కో ముక్కకు 67. ఇక్కడ ‘అక్షరం’ అన్నది కూడా మన అక్షరం కాదు. ‘కట్టేయొచ్చు’ కంటికి నాలుగు అక్షరాలు: క, ట్టే, యొ, చ్చు. కంప్యూటర్‌కు పదకొండు, ఎందుకంటే పొల్లు, గుణింతం అన్నీ విడివిడి. పైన చెప్పిన బిల్లు వాక్యం ఖాళీలు, చివరి చుక్కతో కలిపి 51. కంపెనీ పేరుకు, లింకుకు మిగిలేవి 19. అంటే ఆ వాక్యం పనికిరాదు. ‘బిల్లు ఫోన్‌లోనే కట్టండి’ దాకా కుదించాలి. ఒత్తులున్న మాట తీసి ఒత్తుల్లేని మాట వేస్తే ఒక్కోదానికి రెండు స్థానాలు మిగులుతాయి.

ఇంకొకటి: వ్యాపార ఎస్సెమ్మెస్ టెంప్లేట్లు టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే వ్యవస్థలో ముందే నమోదు కావాలి. నమోదయ్యాక ఒక మాట మార్చాలన్నా టెంప్లేటు మళ్లీ ఆమోదానికి వెళ్లాల్సిందే. అక్షర దోషం ఇక్కడ చాలా ఖరీదు. మూల పదాల రేటున ఆ వాక్యానికి వచ్చేది రూ.15.60, పట్టింది 35 నిమిషాలు. అందుకే ఎస్సెమ్మెస్ ఒక్కోటి 250.

యంత్రానువాదం దిద్దడం. ఏజెన్సీలు ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది ఇదే: యంత్రం తెలుగు చేసి ఇస్తుంది, మనం దిద్దాలి, పదానికి 50 పైసలు. కొలిచి చూస్తే 1,000 పదాలకు 2 గంటల 50 నిమిషాలు. అంటే గంటకు 176, మామూలు అనువాదానికి 300. సమయం మూడో వంతు కూడా తగ్గలేదు, డబ్బు సగానికి పైగా తగ్గింది. ఎందుకు తగ్గలేదంటే ‘మీ ఖాతా విజయవంతంగా సృష్టించబడింది’ లాంటిది దిద్దడానికి ముందు చదవాలి, మూలం చూడాలి, తర్వాత మొత్తం చెరిపి ‘మీ అకౌంట్ సిద్ధం’ అని రాయాలి. వ్యాకరణం తప్పు లేదు కదా అని వదిలేయాలనిపిస్తుంది, అదే ప్రమాదం. ఒకే పేజీలో ‘మీరు’, ‘నువ్వు’ కలిసిపోవడం ఇంకో జబ్బు. 80 పైసలకు తక్కువైతే ఒప్పుకోవడం మానేశాం. రెండు ఏజెన్సీలు వెళ్లిపోయాయి, ఒకటి ఒప్పుకుంది.

అనువాద సాఫ్ట్‌వేర్‌గా ఒమేగాటీ వాడుతున్నాం, ఉచితం. పాత అనువాదాలు గుర్తుపెట్టుకుని, అదే వాక్యం మళ్లీ వస్తే చూపిస్తుంది. యాప్ పనుల్లో బాగా కలిసొచ్చింది, బ్రోషర్లకు దండగ.

పదాల పట్టిక. ఒక క్లయింటు పనిలో ‘వెళ్ళి’, ‘వెళ్లి’ రెండూ దొర్లాయి. రెండూ వాడుకలో ఉన్నవే, కానీ ఒకే పేజీలో రెండూ ఉంటే అశ్రద్ధే. ఇప్పుడు ప్రతి క్లయింటుకూ ఒక షీటు: ళ్లనా ళ్ళనా, ఖాతానా అకౌంటా, ‘ఫోన్‌లో’నా ‘ఫోన్లో’నా, తేదీ ఎలా, రూపాయి గుర్తు ఎలా. సగటున 40 వరుసలు. పంపేముందు వెతికి మార్చే పని ఐదు నిమిషాలు. కనిపించని ఆ జాయినర్ గుర్తు ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే వెతుకులాటకు ఒకటి చిక్కదు. కాబట్టి రెండు రూపాలూ వెతకాలి.

దిద్దుబాట్లు. మొదటి ఎనిమిది పనుల్లో హద్దు పెట్టలేదు. ఒక దంత వైద్యశాల బ్రోషర్ ఆరుసార్లు తిరిగొచ్చింది. తండ్రి గారు ‘దంతములు’ ఉండాలంటారు, కొడుకు ‘పళ్లు’ చాలంటారు, మధ్యలో రిసెప్షన్‌లో అమ్మాయి ఇద్దరి మార్పులూ ఒకే ఫైల్లో పెట్టి పంపిస్తుంది. నాలుగో విడతలో ‘దంతముల పళ్లు’ అని వచ్చింది. రూ.2,000 పనికి 17 గంటలు. దాని తర్వాత ఒప్పందంలో మూడు వాక్యాలు చేరాయి: మార్పులు చెప్పేది ఒక్కరే, వారి పేరు ముందే రాయాలి; రెండు విడతలు ఉచితం; ఏడు రోజుల్లో చెప్పకపోతే ఆమోదించినట్టే.

లెక్క: గంటలు 464. బిల్లులు రూ.47,520. చేతికి వచ్చింది రూ.30,720. ఖర్చు రూ.5,300 (ప్రెస్సులకు తిరిగిన బస్సు, ఆటో 600). ఈ దశలో గంటకు 194.

దశ 5: డబ్బు చేతికి రావడం (వారం 21–26)

బిల్లు పంపితే డబ్బు వస్తుందనుకోవడం మొదటి నాలుగు దశల తప్పు. బిల్లులో ఉండాల్సినవి లేకపోతే అకౌంట్స్ వాళ్లు పక్కన పడేస్తారు, మనకు చెప్పరు. ఇప్పటి బిల్లు:

1. వరుస సంఖ్య, తేదీ, ఇద్దరి పేర్లు, చిరునామాలు, మన పాన్.
2. పని వివరం, మూల పదాల సంఖ్య, రేటు, మొత్తం.
3. ఏ మెయిల్‌లో, ఏ తేదీన ఒప్పుకున్నారో.
4. చెల్లించాల్సిన చివరి తేదీ. ‘30 రోజుల్లో’ అని కాదు, తేదీనే వేయాలి.
5. బ్యాంకు వివరాలు, ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైతే వచ్చేది).

ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ చాలు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు మధ్యవర్తులవి. దీని ఉపయోగం: 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఈ ఒక్క వాక్యాన్ని బిల్లు అడుగున రాశాక సగటున 38 రోజులకు వచ్చే డబ్బు 24 రోజులకు వస్తోంది. వడ్డీ ఎవరినీ అడగలేదు. నమోదు పని ఒప్పుకోవడానికి ముందే ఉండాలి, తర్వాత చేయించుకుంటే వాదనకు తావిచ్చినట్టే.

టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసుకుని మన పేర కట్టే ఆదాయపు పన్ను. 2025–26లో వృత్తి ఫీజుల మీద ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద 10 శాతం, ఒక క్లయింటు ఏడాదిలో ఇచ్చేది 50,000 దాటితేనే. కానీ ఒక ఏజెన్సీ 28,000 బిల్లుల మీదే 2,800 కోసుకుంది. గొడవ పడే పని లేదు: ఆదాయపు పన్ను శాఖ చూపే 26ఏఎస్ పత్రంలో మన పాన్ మీద ఆ మొత్తం పడిందో లేదో చూసుకుని, రిటర్ను వేసేటప్పుడు లెక్కలో కలుపుకోవాలి. పడకపోతే అప్పుడు గొడవ. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. ఈ సెక్షన్ నంబరు 1961 చట్టానిది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబర్లు వేరు.

రాబడిలో సగమే లాభంగా చూపే 44ఏడీఏ పద్ధతి రాసేవాళ్లందరికీ వర్తిస్తుందని చాలామంది చెబుతారు. ఆ జాబితాలో సినిమా కథ, మాటలు, పాటల రచయితలు ఉన్నారు; కంటెంట్ రాసేవాళ్లని పేరు పెట్టి లేదు. కళ్లు మూసుకుని టిక్కు పెట్టకుండా ఆడిటర్‌ను అడగడం మేలు. రూ.1,500 తీసుకున్నారు, అరగంట మాట్లాడారు. జీఎస్‌టీ నమోదు సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే. ఆ బాధ ఇప్పట్లో లేదు.

హక్కులు. ఉద్యోగి కానివాడు రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాడే, ఇది 1957 కాపీరైటు చట్టం మాట. బదిలీ కాగితం మీద, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. బ్రోషర్‌కు ఇదంతా అక్కర్లేదు, పూర్తి హక్కులు ఇచ్చేయడమే మర్యాద. ఆడియో సీరియల్, కథ లాంటివైతే మాత్రం ఒప్పందంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అన్న మాటలు కనిపిస్తే ఆగి, ఆ ధరకు ఇది ఇవ్వదగ్గదేనా అని చూసుకోవాలి. హక్కులు డబ్బు ముట్టాకే బదిలీ అవుతాయన్న వాక్యం అన్నిటిలోనూ పెడుతున్నాం.

విదేశీ పనులు. ఫైవర్‌లో రూ.2,000 పనికి 20 శాతం వాళ్ల కమీషన్, చేతికి 1,600. రేటు పెట్టేటప్పుడే దాన్ని కలుపుకోవాలి. అమెరికాలోని తెలుగువాళ్ల నుంచి రెండు చిన్న పనులు వచ్చాయి, సంఘం సావనీరుకు వ్యాసాలు దిద్దడం. డబ్బు బాగానే ఇచ్చారు, కానీ ఫోన్లు రాత్రి పదకొండింటికి. డబ్బు బయటి నుంచి వచ్చినప్పుడల్లా బ్యాంకు ఇచ్చే విదేశీ చెల్లింపు పత్రం దాచుకోవాలి.

అడ్వాన్సు. 5,000 దాటిన ప్రతి పనికీ సగం ముందు. అడిగిన తొమ్మిది మందిలో ఏడుగురు ఇచ్చారు. ఇవ్వనన్న ఇద్దరిలో ఒకరి పని వదిలేశాం, ఇంకొకరిది చేశాం. 11వ బిల్లు ఆయనదే.

గుర్తుచేసే వరుస: గడువుకు మూడు రోజుల ముందు ఒక మెయిల్; గడువు దాటిన మర్నాడు బిల్లు మళ్లీ జతచేసి మెయిల్; ఏడో రోజు అకౌంట్స్ వాళ్లకు ఫోన్, పని ఇచ్చినవాళ్లకు కాదు; 15వ రోజు కొత్త పని ఆపేస్తున్నట్టు మెయిల్; 45వ రోజు చట్టం పేరుతో ఉత్తరం. మూడోదానికే ఎక్కువ భాగం కదిలింది. పని ఇచ్చినాయనకు డబ్బు ఎక్కడ ఆగిందో తెలియదు, ‘చెప్తానండీ’ అని పెట్టేస్తాడు. అకౌంట్స్‌లో అడిగితే ‘మీ పాన్ కాపీ లేదు’ అని ఒక్క నిమిషంలో చెబుతారు.

26 వారాల లెక్క:

గంటలు: 634
బిల్లులు: రూ.99,820
బ్యాంకులో పడింది: రూ.82,620
టీడీఎస్: రూ.2,800
రావాల్సింది: రూ.14,400
ఖర్చు: రూ.6,800

బ్యాంకులో పడినదాంట్లోంచి ఖర్చు తీస్తే 75,820. నెలకు 12,600 చొప్పున, గంటకు 120. చివరి దశ ఒక్కటే తీసుకుంటే 170 గంటలకు 52,300 బిల్లు, గంటకు 308. ఆ 170లో బిల్లు వేయగలిగిన పని 124 గంటలు, 73 శాతం. మూడో దశలో ఇది 57. అప్పటి నుంచి మెయిళ్లు పెట్టడం దాదాపు ఆగిపోయింది, పాత క్లయింట్లే మళ్లీ పంపిస్తున్నారు.

రావాల్సిన 14,400లో 7,800కు గడువు ఇంకా ఉంది. మిగిలిన 6,600 పదకొండో బిల్లు. ఈ రోజుకు గడువు దాటి 71 రోజులు. 45వ రోజు ఉత్తరం స్పీడ్ పోస్టులో వెళ్లింది, అందినట్టు రసీదు వచ్చింది. సోమవారం, చిన్న సంస్థల బాకీల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. కావాల్సినవి: బిల్లు, పని ఒప్పుకున్న మెయిల్, ఫైలు అందిందన్న వాళ్ల జవాబు. మూడోది వాట్సాప్‌లో ‘ఓకే’ అన్న ఒక్క మాటగా ఉంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టాం.